ఎడమ మూల

సోమవారం పొద్దున ఆరిన్ ప్రాటర్ ఒక రేకు మూతను గుడ్డలో చుట్టి, చంటిపిల్లను తెచ్చినంత భద్రంగా చంకలో పెట్టుకుని వకీలు క్రేల్ గారి ఆఫీసు మెట్లెక్కాడు. కార్వర్స్ ఫోర్డ్‌లో ఇనుప సామాన్ల కొట్టు ప్రాటర్‌దొక్కటే. మేకు కావాలన్నా, నాగలి కర్రు కావాలన్నా ఆయన గడప తొక్కాల్సిందే. అందుకని ఊళ్లో ఎక్కడ అడుగుపెట్టినా అది కూడా తన కొట్టే అన్నట్టు మాట్లాడతాడు.

"ఎనాస్, నీ పెన్నులూ స్కేళ్లూ బయటికి తియ్యి. ఈసారి ఏం తెచ్చానో చూస్తే నీకు మతిపోతుంది," అన్నాడు గుడ్డ విప్పుతూ.

ఎనాస్ విట్కోంబ్ ఉత్తరం కిటికీ దగ్గర తన బల్ల ముందు కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. పేటెంటు పటాలు గీయడం అతని పని. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. ఆ రోజుల్లో ఒహాయోలో పేటెంటు పిచ్చి పట్టని ఇల్లు లేదు. కోడి గుడ్డు పెట్టగానే గంట మోగే గూడు, మీసం తడవకుండా కాఫీ తాగే కప్పు, నిద్రలో దుప్పటి జారకుండా పట్టుకునే కొక్కెం, ఎన్నని! అన్నీ ఎనాస్ చేతి మీదుగానే వాషింగ్టన్‌కి వెళ్లాయి. వాటిలో ముప్పాతిక మళ్లీ ఎవరి కంటా పడలేదు. అయినా అతను ప్రతిదాన్నీ రాజుగారి కిరీటం గీస్తున్నంత శ్రద్ధగానే గీశాడు.

ప్రాటర్ తెచ్చిన మూత చూడటానికి సాదాగానే ఉంది. సగం వరకు చిల్లులు. చిల్లుల మీద ఒక చిన్న రేకు రెక్క. అంచున బొటనవేలితో నొక్కేందుకు ఒక మీట.

"బంగాళదుంపలు ఉడికాక నీళ్లు వార్చాలి కదా? ఆడవాళ్లు మూత ఓరగా పెట్టి, గుడ్డతో పట్టుకుని, నానా తంటాలు పడతారు. ఇది నొక్కితే మూత గిన్నెకి పట్టేస్తుంది, రెక్క లేస్తుంది, నీళ్లు పోతాయి, దుంపలు ఉంటాయి. ఒంటిచేత్తో పని!" ప్రాటర్ తన ఛాతీ మీద ఒకటి చరుచుకున్నాడు. "బుర్రంటే ఇదీ!"

"బాగుంది," అన్నాడు ఎనాస్. నిజంగానే బాగుంది. "మీట ఎంత దూరం దిగుతుంది?"

"దిగినంత దూరం దిగుతుంది. గీసేవాడివి నువ్వు, నన్నడుగుతావేం? గురువారం వచ్చి సంతకం పెడతాను. సాక్షిగా మా వంటావిడను కూడా తీసుకొస్తాలే."

ఆయన వెళ్లాక ఎనాస్ మూతను వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. మీట చివర ఒకవైపు మాత్రమే అరిగి మెరుస్తోంది. వేడి తగలకుండా దానికి నీలం గళ్ల గుడ్డ పీలిక చుట్టి ఉంది. చుట్టి వదిలేయలేదు, అంచు మడిచి సన్నగా కుట్టారు. కుట్లు లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. ఆరిన్ ప్రాటర్ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు ఊహించుకోబోయాడు గానీ ఎంత ప్రయత్నించినా ఆ బొమ్మ అతని కళ్ల ముందుకి రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి పొయ్యి మీద దుంపలు పెట్టుకున్నాడు. భార్య లవీనియా పోయి నాలుగేళ్లయింది. ఇద్దరికి సరిపడా దుంపలు వేసే అలవాటు మాత్రం పోలేదు. నీళ్లు వార్చేటప్పుడు ఆవిరి కొట్టి మణికట్టు చురుక్కుమంది. చెయ్యి పంపు కింద పెట్టుకుని నిలబడితే ఎదురుగా గోడ మీద చట్రం కట్టిన పటం కనిపించింది. అది ఆపిల్ ముక్కలు నింపి కాల్చే 'పై' అంచున పిండి ముడిచే చక్రానికి వచ్చిన పేటెంటు. ఇరవై రెండేళ్ల కిందట ఎనాసే గీశాడు.

ఆ చక్రం ఇంకా సొరుగులోనే ఉంది. తీసి అరచేతిలో దొర్లించాడు. చిన్న చిన్న ఆకుల అచ్చులు పడ్డాయి, తర్వాత మాయమయ్యాయి. లవీనియా 'పై' అంచు చుట్టూ దీన్ని గిర్రున తిప్పుతూ, "చూశావా, ఒక్క చుట్టుకే అయిపోయింది!" అనేది. ప్రతిసారీ అప్పుడే కొత్తగా కనిపెట్టినంత సంబరంగా అనేది. ఎనాస్ చక్రాన్ని సొరుగులో పెట్టేసి దుంపలు తిన్నాడు. ఉప్పు వేయడం మర్చిపోయాడు.

*

మంగళవారం అతను ప్రాటర్ ఇంటి వెనక తలుపు తట్టాడు. మూతను గిన్నె మీద చూడందే కొలతలు కుదరవని క్రేల్ గారితో చెప్పి వచ్చాడు. అది అబద్ధం కాదు గానీ పూర్తి నిజం కూడా కాదు.

తలుపు తీసింది ఒటీలీ హార్ట్‌విగ్. నలభై అయిదేళ్ల మనిషి, భర్త లేడు, ప్రాటర్ ఇంట్లో తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. చర్చిలో దూరం నుంచి చూడటమే గానీ ఎనాస్ ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె నీలం గళ్ల ఆప్రాన్ కట్టుకుని ఉంది.

"అయ్యగారు కొట్లో ఉన్నారండీ," అంది.

"ఆయన కోసం కాదమ్మా, గిన్నె కోసం వచ్చాను." ఎనాస్ మూత చూపించాడు.

ఆమె ముఖం వెలిగింది. వెంటనే ఆ వెలుగును దాచేసుకుంది. "లోపలికి రండి. కాళ్లు తుడుచుకోండి, ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను."

పొయ్యి మీద దుంపలు ఉడుకుతున్నాయి. ఆమె మూత తీసుకుని గిన్నె మీద పెట్టింది. ఎడమచేత్తో పిడి పట్టుకుని బొటనవేలితో మీట నొక్కింది. టక్కుమంది. గిన్నె ఎత్తి తొట్టి మీద వంచింది. నీళ్లు అవతలి వైపు నుంచి ధారగా పడ్డాయి, ఒక్క దుంపైనా జారలేదు. ఈ పని జరుగుతున్నంత సేపూ ఆమె కుడిచెయ్యి ఆప్రాన్ మీద ఊరికే ఆని ఉంది. ఆ చేతి మూడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. చర్మం నున్నగా, ఎర్రగా మెరుస్తోంది.

ఎనాస్ చూడనట్టు నటించాడు. అది ఆమెకి తెలిసిపోయింది.

"మూడేళ్లయిందండీ. దుంపల నీళ్లే. మూత జారింది, గిన్నె నా మీదికే వచ్చింది. పాపం అయ్యగారు అప్పటికప్పుడు డాక్టర్ని పిలిపించారు. మనిషి చెడ్డవాడు కాదు."

"కాదు," అన్నాడు ఎనాస్. "మీట రేకు ఎక్కడిది?"

"పందికొవ్వు డబ్బాది. మొదట బిస్కెట్ల డబ్బా మూత కత్తిరించాను, అది వంగిపోయింది. తర్వాత కొక్కెం అటుపక్క పెట్టాను, ఆవిరి నా మొహానికే కొట్టింది. రెండు చలికాలాలు పట్టిందనుకోండి, ఇది ఇట్లా కుదరడానికి." అలవాటు లేనంత మాట్లాడేశానని తోచిందేమో, ఆగిపోయింది. "అయ్యగారు చూసి, ఇది ఊరంతా అమ్మొచ్చు ఒటీలీ అన్నారు. వాళ్ల రేకే కదండీ. వాళ్ల వంటిల్లే."

ఎనాస్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి కొలతలు రాసుకున్నాడు. మీట ముప్పావు అంగుళం దిగుతోంది. మూడు కొలతలు రాయాల్సిన చోట ఒకే కొలతను మూడుసార్లు రాసి, కొట్టేశాడు.

"గురువారం నన్ను కూడా సంతకానికి రమ్మన్నారు," అంది ఒటీలీ గిన్నె తుడుస్తూ. "సాక్షినట. సాక్షి అంటే ఏంటండీ?"

"కనిపెట్టినవాడు సంతకం పెడుతుంటే నువ్వు చూశావని అర్థం."

"చూశానని."

"అవునమ్మా."

ఆమె గిన్నెను ఇంకొకసారి తుడిచింది. అప్పటికే అది పొడిగా ఉంది. "చూశానని రాస్తే, చెయ్యలేదని కూడా రాసినట్టేనా అండీ?"

ఎనాస్ టోపీ తీసుకుని బయటపడ్డాడు. ఆమె వాకిట్లోకి వచ్చి, కాగితంలో చుట్టిన రెండు వేడి దుంపలు అతని చేతిలో పెట్టింది. దారంతా అవి కోటు జేబులో వెచ్చగా తగులుతూనే ఉన్నాయి.

*

బుధవారం అతను పటం గీశాడు. దళసరి తెల్ల అట్ట, నల్ల సిరా. ఆ పటాలకో నియమం ఉంది, వెలుతురు ఎప్పుడూ పైన ఎడమ మూల నుంచే వస్తున్నట్టు గీయాలి. కాబట్టి ప్రతి వస్తువుకీ కుడిపక్క గీత, కింది గీత కాస్త లావుగా ఉంటాయి. కదిలే భాగం కదిలి ఎక్కడికి చేరుతుందో చుక్కల గీతతో చూపాలి. అట్ట అడుగున కుడి మూల కనిపెట్టినవాడి సంతకం, ఎడమ మూల ఇద్దరు సాక్షుల సంతకాలు. ఎవరెక్కడ పెట్టాలో తడుముకోకుండా ఎనాస్ ముందుగానే పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తులు పెట్టి ఉంచేవాడు. సిరా పడిందంటే ఇక అంతే, తుడవబోతే అట్ట పొర లేచిపోతుంది.

మధ్యాహ్నానికి మూత పూర్తయింది. రెక్క, చిల్లులు, కొక్కెం, మీట. గుడ్డ పీలిక మీది పదకొండు కుట్లు కూడా గీశాడు. ఇక మిగిలింది చుక్కల గీతే. పెన్ను సిరాలో ముంచి, అట్ట దాకా తెచ్చి, మళ్లీ తుడిచి పక్కన పెట్టేశాడు.

లేచి క్రేల్ గారి గది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఆ మూత ఆరిన్‌ది కాదు, థాడ్. వాళ్ల వంటావిడ చేసింది."

క్రేల్ తల ఎత్తలేదు. ఇద్దరూ కుర్రతనం నుంచి ఒకరినొకరు ఎరిగినవాళ్లు, ఎనాస్‌కి ఆయన థాడే. "రేపు కిందికి వెళ్లి, నోటరీ ముందు బైబిలు మీద చెయ్యేసి ఒట్టేసేది ఆరిన్. నువ్వూ నేనూ కాదు. నేనే మొదట, నేనే నిజంగా కనిపెట్టానని ఆయన అంటాడు. అన్నాక అది ఆయన మెడకి చుట్టుకుంటుంది. మనకెందుకు?"

"ఆవిడని సాక్షిగా పెట్టమంటున్నాడు."

"పెట్టనీ." క్రేల్ అప్పుడు తలెత్తాడు. "ఏంటయ్యా కొత్తగా? నీకు తెలియని వ్యవహారమా ఇది? ఇరవై రెండేళ్ల కిందట ఇదే గదిలో ఇదే బల్ల మీద లవీనియా చేసిన చక్రానికి మనం చెయ్యలేదూ? ఆడమనిషి పేరుంటే కొనేవాళ్లు నవ్వుతారని నేనన్నాను, నువ్వు సరేనన్నావు. లవీనియా వచ్చి సాక్షి సంతకం పెట్టి పోయింది. ఎప్పుడైనా ఒక్క మాటన్నదా?"

"అనలేదు."

"మరి?"

"అదే థాడ్," అన్నాడు ఎనాస్. "ఒక్క మాటా అనలేదు. నేనూ అడగలేదు."

క్రేల్ కాసేపు కాగితాల కట్టను సర్దాడు. సర్దాల్సిన అవసరం లేదు దానికి. "ఆరిన్ ఈ ఆఫీసుకి ఎన్ని పనులు తెస్తాడో నీకు తెలుసు," అన్నాడు చివరికి, కానీ మెత్తగానే అన్నాడు.

"నేనేం గొడవ చెయ్యను. నాకు చుక్కల గీత గీయడానికి మీట ఎలా కదులుతుందో ఆరిన్ చూపించాలి. కనిపెట్టినవాడిని అడిగే హక్కు గీసేవాడికి ఉంది కదా?"

"ఉంది," అన్నాడు క్రేల్ అనుమానంగా.

"రేపు ఆఫీసు స్టవ్ మీద గిన్నెతో నీళ్లు పెడతాను."

*

గురువారం ప్రాటర్ ఆదివారం కోటు వేసుకుని వచ్చాడు. గొలుసు గడియారం బొజ్జ మీద ఊగుతోంది. వెనకే ఒటీలీ నల్ల టోపీ పెట్టుకుని వచ్చింది. కుడిచెయ్యి శాలువా కింద ఉంది. తలుపు పక్క కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది.

"ఎక్కడ పెట్టాలోయ్ సంతకం?" అన్నాడు ప్రాటర్.

"ఒక్క నిమిషం. ఒక గీత మిగిలింది." ఎనాస్ స్టవ్ మీది గిన్నె చూపించాడు. గోరువెచ్చని నీళ్లలో నాలుగు పచ్చి దుంపలు వేసి ఉన్నాయి. నేల మీద పళ్లెం పెట్టాడు. "మీట నొక్కి ఒకసారి వార్చి చూపించండి. చూసి గీసేస్తాను."

"ఓస్, ఇంతేనా!" ప్రాటర్ కోటు చేతులు పైకి లాగి కుడిచేత్తో గిన్నె పిడి పట్టుకున్నాడు. మీట బొటనవేలికి అందలేదు. గిన్నెను తిప్పి పట్టుకున్నాడు. ఇప్పుడు మీట అరచేతిలో గుచ్చుకుంది. "బిగుసుకుపోయింది. మీరేదో చేసుంటారు దీన్ని," అంటూ ఎడమచేతి వేలితో మీటను పొడిచి, గిన్నె ఎత్తి వంచాడు.

కుడిచేత్తో పట్టుకుంటే చిల్లులు మనిషి వైపుకే తిరుగుతాయి. ధార నేరుగా బొజ్జ మీద పడి, గొలుసు గడియారాన్ని తడిపి, ఆదివారం ప్యాంటులోంచి బూట్లలోకి దిగింది. ప్రాటర్ కెవ్వుమన్నాడు. కొక్కెం పట్టని మూత ఊడి దుంపలు గదంతా దొర్లాయి.

"అట్లా కాదండీ!"

ఒటీలీ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. గిన్నె అప్పటికే ఆమె ఎడమచేతిలో ఉంది. దొర్లిన దుంపను ఒకదాన్ని వంగి అందులో వేసింది, మూత పెట్టింది, బొటనవేలితో నొక్కింది. టక్కుమంది. మిగిలిన నీళ్లు ఒక్క చుక్క చిందకుండా పళ్లెంలో పడ్డాయి. పని అయ్యాక తలెత్తి, ముగ్గురు మగవాళ్లు తనవైపే చూస్తున్నారని గమనించి, గిన్నెను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది.

ఎనాస్ బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, పెన్ను ముంచి, ముప్పావు అంగుళం కింద మీట ఉండే చోట చుక్కలు పెట్టడం మొదలుపెట్టాడు. నిబ్బు అట్టను తాకే చప్పుడు వినిపించింది.

క్రేల్ ఒక కాగితం తీశాడు. "ఆరిన్, కిందికి వెళ్లేముందు ప్రమాణం ఏంటో ఒకసారి చదువుతాను. వింటావా?" వింటానన్నాడో లేదో చూడకుండానే చదివాడు. మొదట కనిపెట్టినది, నిజంగా కనిపెట్టినది తానేనని ఒట్టు. అబద్ధమైతే పేటెంటు చెల్లదు, పైగా కోర్టు.

ప్రాటర్ మెడ దాకా ఎర్రబడ్డాడు. "మా వంటింట్లో చేసిందే కదా! మా రేకే కదా!"

"వంటిల్లు ఒట్టు వెయ్యలేదయ్యా," అన్నాడు క్రేల్. "రేకూ వెయ్యలేదు."

ప్రాటర్ తడిసిన ప్యాంటును కాలికి అంటుకోకుండా వేళ్లతో పట్టుకుని, ఒటీలీ వైపు తిరిగాడు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాడు ఎనాస్. ఆమె కూడా అదే అనుకుందేమో, భుజాలు దగ్గరికి లాక్కుంది. తొమ్మిదేళ్లుగా తలదాచుకున్న నీడ ఆమె కళ్ల ముందే ఊగుతోంది.

"ఏం ఒటీలీ, ఇది నీదేనా?"

ఆమె గిన్నె వైపు చూసింది. మూత వైపు చూసింది.

"నాదేనండీ," అంది. ఆ ఒక్క మాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేం?"

"మీరు అడగలేదండీ."

ఎనాస్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

ప్రాటర్ నోరు తెరిచి, మూసి, కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చాడు. బూట్లలో నీళ్లు చప్పుడు చేశాయి. ఆ చప్పుడు విని ఆయనకే నవ్వొచ్చింది. ముందు ముక్కుతో నవ్వాడు, తర్వాత బొజ్జంతా కదిలేలా నవ్వాడు. "తొమ్మిదేళ్లు దుంపలు తిన్నాను, ఒక్కసారీ వార్చిన పాపాన పోలేదు. నాలాంటివాడు ఈ మూత కనిపెట్టాడంటే వాషింగ్టన్‌వాళ్లు నమ్ముతారేమో గానీ, ఈ ఊళ్లో ఒక్కరూ నమ్మరు. రాయి థాడ్, ఆవిడ పేరే రాయి. అమ్మేది మాత్రం నా కొట్లోనే, ఏమంటావ్ ఒటీలీ?"

"ఎడమచేతివాళ్లకేనండీ ఇది," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "మిగతావాళ్లకి అటు తిప్పి ఇంకోటి చెయ్యాలి. అది కూడా నాకు తెలుసు."

"విన్నావా!" అన్నాడు ప్రాటర్, అదీ తన గొప్పే అన్నట్టు.

క్రేల్ నిట్టూర్చాడు. "కాగితాలన్నీ మళ్లీ టైపు చేయించాలి." కానీ అప్పటికే కొత్త కాగితం తీస్తున్నాడు.

ఎనాస్ రబ్బరుతో ఎడమ మూలన ఒటీలీ కోసం పెట్టిన గుర్తు చెరిపేశాడు. కుడి మూలన ఉన్న గుర్తును అలాగే ఉంచి, బల్లను ఆమె వైపు తిప్పాడు.

"ఇక్కడమ్మా."

"ఇక్కడేనా? అయ్యగారిది కదండీ అది?"

"కాదు. ఇది నీది."

ఆమె పెన్ను ఎడమచేత్తో పట్టుకుంది. రాస్తూ ఉంటే సిరా చేతికి అంటకుండా మణికట్టు పైకి మడిచి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి, చివరివి అట్ట అంచు దాకా వెళ్లి ఇరుక్కున్నాయి. ఎనాస్‌కి అంత అందమైన సంతకం ఎప్పుడూ చూసిన గుర్తులేదు. తర్వాత ఎడమ మూలన ఆరిన్ ప్రాటర్ సాక్షి సంతకం పెట్టాడు, దాని కింద ఎనాస్ విట్కోంబ్ పెట్టాడు. ఆ మూల అతను కొన్ని వందలసార్లు పెట్టిన సంతకమే అది. ఈసారి మాత్రం ఇంటిపేరు సగంలో చెయ్యి ఆగింది. ఇక్కడ నిలబడి పేరు రాస్తున్నప్పుడు లవీనియాకి ఎలా ఉండి ఉంటుందని తోచింది.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. టోపీ కూడా తియ్యకుండా గోడ మీది చట్రం దించి, వంటబల్ల మీద బోర్లించి, వెనక మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. అద్దం పక్కన పెట్టాడు. ఇరవై రెండేళ్ల కాగితం పసుపుబారింది. చక్రం చక్కగా ఉంది. వెలుతురు పైన ఎడమ మూల నుంచి వస్తోంది. ఆ పటం గీస్తున్న రోజున లవీనియా వెనక నిలబడి, భుజం మీదుగా వంగి, "ఆకు అటు కాదు, ఇటు తిరగాలి," అని వేలితో చూపించింది. వేలికి పిండి ఉంది. అట్ట మీద ఆ పిండి మరకను ఎనాసే రొట్టె ముక్కతో జాగ్రత్తగా తుడిచేశాడు. వాషింగ్టన్ నుంచి వచ్చిన ఈ అచ్చు కాపీలో అదేమీ కనిపించదు.

అడుగున కుడి మూల: కనిపెట్టినవాడు, ఎనాస్ విట్కోంబ్. ఎడమ మూల, క్రేల్ పేరు కింద: సాక్షి, లవీనియా విట్కోంబ్. గుండ్రంగా, పొందికగా, ఎక్కడా తొట్రుపాటు లేకుండా రాసింది.

ఆ పేటెంటు గడువు తీరి అయిదేళ్లయింది. ఇప్పుడా చక్రాన్ని ఎవరైనా చేసుకోవచ్చు. ఏ వకీలూ, ఏ నోటరీ ఆ కాగితం మీది పేరు మార్చలేరు. ఎనాస్‌కి అది అందరికంటే బాగా తెలుసు.

కోటు జేబులోంచి పెన్సిలు తీశాడు. మొన చాకుతో చెక్కాడు. కుడి మూలన, తన పేరు మీద కాకుండా దాని పక్కన ఖాళీ చోటు చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో లవీనియా తడుముకోకుండా చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. తర్వాత అద్దం బిగించి, పటాన్ని మళ్లీ గోడకి తగిలించి, దుంపలు కడగడానికి లేచాడు.